ఉమ్మడిగానూ విడివిడిగానూ

మా మావయ్య ముప్పై ఒక్క ఏళ్ళు ఒకే కుర్చీలో కూర్చుని కంపెనీల కాగితాలు దిద్దాడు. వార్షిక నివేదికలు, బాలెన్స్ షీట్లు, వాటాదార్ల సమావేశం నోటీసులు, ఏవైనా సరే ఆ ప్రెస్సులో అచ్చుకి వెళ్ళే ముందు ఆయన కళ్ళ కింద నుంచి పోవలసిందే. డిబెంచరు అనే మాటని ఆయన చూసినన్నిసార్లు డిబెంచర్లు కొన్నవాళ్ళు కూడా చూసి ఉండరు. అదేమిటో మాత్రం ఆయనకి తెలియదు. గంధపు చెక్కలు మోసే గాడిదకి బరువే తెలుస్తుందని పెద్దలు ఊరికే అనలేదు.

మేనమామని పట్టుకుని ఇంత మాటా అని మీకు కష్టంగా ఉంటే ఉండనివ్వండి. ఆయన చదివిపెట్టిన ఒక్క కాగితం వల్ల మా అమ్మ తన చేత్తో కట్టుకున్న కుట్టుగది పోగొట్టుకుంది. అది విన్నాక ఎవరి మీద జాలిపడాలో మీరే చూసుకోవచ్చు.

మనిషి సన్నగా, ఇస్త్రీ మడత చెదరకుండా ఉండేవాడు. జేబులో రెండు పెన్నులు. ప్రెస్సు వాళ్ళు చేసిన తప్పుకి ఎర్రది, కాగితం ఇచ్చినవాళ్ళు చేసిన తప్పుకి ఆకుపచ్చది. ఆకుపచ్చది ఇంటికి కూడా తెచ్చుకునేవాడు. కరెంటు బిల్లు వెనక సన్నక్షరాలు దిద్దేవాడు. సబ్బు కాగితం మీద మాటలు దిద్దేవాడు. ఆ బిల్లులో ఆయన ఎంత కట్టాలో మాత్రం అత్తయ్యే చూసుకునేది.

నాకు పంతొమ్మిదేళ్ళప్పుడు తన దగ్గరే పని ఇప్పించాడు. మెషిన్ల హాలు వెనక అద్దాల గది మాది. ఏటవాలు బల్ల, రెండు కుర్చీలు, తలుపు దగ్గర ఒక స్టూలు, ఎంత తిరిగినా గాలి రాని ఫ్యాను. నా పని అసలు కాగితాన్ని పైకి చదవడం, ఆయన పని అచ్చు ప్రతిని గీత గీతకీ చూసుకోవడం. అన్నీ చదవాలి. కామా అంటే కామా అనాలి. పేరా మారితే మారిందని చెప్పాలి. "నికర లాభం కామా పన్నుల తర్వాత కామా గత సంవత్సరంతో పోలిస్తే" అంటూ గొంతులో ఎత్తుపల్లాలు లేకుండా చదువుకుపోవాలి. మొదటి నెల నాకు నిద్రలో కూడా కామాలే వినిపించాయి.

మొదటిరోజే రెండు నియమాలు చెప్పాడు. ఒకటి, అర్థం కోసం చూడకూడదు. "అర్థం వెతికావంటే కన్ను పరిగెడుతుంది పిల్లా. పరిగెత్తే కన్ను తప్పుని దూకేస్తుంది" అన్నాడు. రెండు, చదివేటప్పుడు మధ్యలో ఎవరూ మాట్లాడకూడదు, ఎవరు మాట్లాడినా ఆగకూడదు. ఆగితే లైను తప్పుతుంది, లైను తప్పితే పేజీ మొదటికి వెళ్ళాలి. యజమాని వచ్చి నిలబడ్డా పేరా అయ్యేదాకా మేం తలెత్తేవాళ్ళం కాదు.

ఉన్న మాట చెప్పాలంటే ఆ పనికి అవి సరైన నియమాలే. మా గది నుంచి తప్పుతో వెళ్ళిన పేజీ ఏడాదికి ఒకటి ఉండేదేమో. వచ్చిన చిక్కల్లా ఆయన వాటిని ప్రెస్సులో వదిలి ఇంటికి రాకపోవడం.

బంధువుల్లో ఆయన పేరు కంపెనీ మావయ్య. రోజంతా అన్ని కంపెనీల లెక్కలూ చదివే మనిషికి తెలియనిది ఏముంటుందని వాళ్ళ నమ్మకం. బస్సు నడిపి రిటైరైన మా బాబాయ్ వచ్చిన గ్రాట్యుటీ ఎక్కడ పెట్టాలో తేల్చుకోలేక ఒక సాయంత్రం ఆయన దగ్గరికి వెళ్ళాడు. ఫిక్స్‌డ్ డిపాజిట్టా, మ్యూచువల్ ఫండా అన్నది ప్రశ్న. మావయ్య కళ్ళజోడు తీసి తుడిచాడు. లిక్విడిటీ చూసుకోవాలన్నాడు. బాబాయ్ తలూపాడు. రిస్కు కూడా చూసుకోవాలన్నాడు. బాబాయ్ మళ్ళీ తలూపాడు. గత ఫలితాలు భవిష్యత్తుకి హామీ కావని కూడా అన్నాడు. ఆ వాక్యం ప్రతి ఫండు కాగితం అడుగునా చీమ తలకాయంత అక్షరాల్లో ఉంటుంది, ఆయన దాన్ని ఓ రెండు వందలసార్లు దిద్ది ఉంటాడు. బాబాయ్ ఇంటికొచ్చి డబ్బు బీరువాలో పెట్టి తాళం వేశాడు. లిక్విడిటీ అంటే కావలసినప్పుడు డబ్బు చేతికి రావడమేనని ఇద్దరికీ తెలియకపోయినా, ఆ ఒక్క పని మాత్రం సరిగ్గా జరిగింది.

ఆయన సొంత తెలివి ఇంకా ఘనం. ఒక ఏడాది ఓ కంపెనీ నివేదిక వచ్చింది. అరవై నాలుగు పేజీల్లో ఒక్క తప్పు లేదు. మావయ్య ఆ కట్టని పక్కన పెట్టుకుని రెండు రోజులు మురిసిపోయాడు. కామా తప్పని వాళ్ళు మాట తప్పుతారా అని, దాచుకున్నదంతా పెట్టి ఆ కంపెనీ షేర్లు కొన్నాడు. మరుసటేడు ఒకటికి ఒకటి బోనస్ షేర్లు ఇచ్చారు. ఉన్నది రెట్టింపయిందని ప్రెస్సులో అందరికీ కాఫీ తాగించాడు. ఆ వారంలోనే పేపర్లో షేరు ధర సగానికి సగం కనబడింది. మావయ్య ఏం చేశాడనుకున్నారు? పేపరు వాళ్ళు అంకె తప్పు వేశారని సంపాదకుడికి ఉత్తరం రాశాడు, ఆకుపచ్చ సిరాతో. రొట్టె అదే, నాలుగు ముక్కల్ని ఎనిమిది చేశారు, ముక్క చిన్నదవక ఏమవుతుంది? ఈ సంగతి ఆయనకి ఎవరూ చెప్పలేదు, ఆయన ఎవరినీ అడగలేదు. తెలియదు అనే మాట ఆయన నోట నేను ఒక్కసారి కూడా వినలేదు. ఆ కంపెనీ తర్వాత మూడేళ్ళకి మూతపడింది. మూసేస్తున్నామన్న నోటీసు కూడా తప్పుల్లేకుండానే వచ్చింది.

ఇంతవరకూ ఆయన డబ్బు, ఆయన ఇష్టం అనుకోవచ్చు. ఇక మా అమ్మ సంగతి.

అమ్మ ఐదో తరగతితో ఆపేసిన మనిషి. నాన్న పోయాక వచ్చిన బీమా డబ్బుతో వీధి చివర ఒక గది కట్టించి, నాలుగు కుట్టుమిషన్లు వేసి, బడి సంచులు కుట్టించేది. కాన్వాసు చుట్టని చేత్తో తడిమి ఎన్ని సంచులవుతాయో చెప్పేసేది, మిగిలే పీలికలతో సహా. ఆ గది తాళంచెవి మెడలో దారానికి కట్టుకునేది. ఇంటి తాళంచెవి మాత్రం ఎక్కడ పెట్టిందో రోజూ వెతుక్కునేది.

ఆమెకి జిప్పులూ బకిల్సూ అమ్మే టోకు వ్యాపారి ఒకాయన ఉండేవాడు. మేమంతా జిప్పుల ఆయన అనేవాళ్ళం. కలిసి చేద్దామని ఆయనే అడిగాడు. పెద్ద స్కూళ్ళ ఆర్డర్లు తను తెస్తాడు, సరుకు తను తెస్తాడు, అమ్మ కుట్టించాలి. అమ్మకి పావలా వాటా. అమ్మ రెండు రోజులు ఆలోచించింది. లాభం వస్తే పావలా వస్తుంది, నష్టం వస్తే పావలా పోతుంది, పావలా పోయినా గది నిలబడుతుంది అని లెక్క వేసుకుంది. ఆ లెక్కలో వంక పెట్టడానికి ఏమీ లేదు, చట్టానికి ఆ లెక్కతో పని లేదంతే.

ఎవరో కంపెనీగా పెట్టుకుంటే మంచిదని అమ్మకి చెప్పారు. కంపెనీ అంటే ఆడిటర్లు, ఖర్చులు, గొడవ అన్నాడు జిప్పుల ఆయన. అమ్మ అన్నగారిని అడిగింది. అప్పుడు మావయ్య చెప్పిన జవాబు నేను ఈ రోజుకీ మరిచిపోలేదు. "ప్రైవేట్ లిమిటెడ్ అంటే లిమిట్ పెడతారమ్మా. ఇంతకు మించి ఎదక్కూడదని. ఎదుగుదామని మొదలుపెట్టేదానివి నీకెందుకు లిమిటు?" అన్నాడు. అలాంటి పేర్లు రోజుకి యాభై దిద్దే మనిషి.

భాగస్వామ్య పత్రం తయారైంది. అన్నయ్య ఒక్కసారి చూస్తే గానీ సంతకం పెట్టనంది అమ్మ. చిత్తు ప్రతీ, స్టాంపు కాగితం మీద టైపు చేసినదీ రెండూ తెమ్మన్నాడు మావయ్య. రెండింటినీ పక్కపక్కన పెట్టి పోల్చడం తప్ప చదవడానికి ఆయనకి మరో దారి తెలియదు. మధ్యాహ్నం భోజనాల వేళ అమ్మ ప్రెస్సుకి వచ్చింది. నూలు పోగులు అంటుకున్న చీరతో, ఒళ్ళో సంచితో, తలుపు దగ్గర స్టూలు మీద కూర్చుంది. అద్దం అవతల మెషిన్ల వాళ్ళు క్యారియర్లు విప్పుకుని మా వైపే చూస్తున్నారు. నేను చిత్తు ప్రతి పైకి చదివాను, మావయ్య టైపు ప్రతి మీద పెన్ను నడిపాడు.

పదకొండో అంశం ఇలా ఉంటుంది. "సంస్థ చేసిన అప్పులకు కామా ఇచ్చిన మాటలకు కామా భాగస్తులు ఉమ్మడిగానూ విడివిడిగానూ పూర్తి బాధ్యులు ఫుల్‌స్టాప్." అక్కడ అమ్మ స్టూలు మీద కదిలింది. మేం చదువుకుంటూ పోయాం. ఇరవై నిమిషాల్లో అయిపోయింది. తారీఖు ఒకటి తప్పు, కామాలు రెండు తక్కువ. ఆ రెండింటిలో ఒకటి ఆ పదకొండో అంశంలోదే. మావయ్య దాన్ని ఆకుపచ్చ సిరాతో పెట్టి, కాగితాలు మడిచి, అమ్మ చేతికిచ్చాడు. "మూడు తప్పులున్నాయి, దిద్దేశాను. ఇక నిశ్చింతగా సంతకం పెట్టు" అన్నాడు. అన్నయ్య మాట అయ్యాక అమ్మకి ఇంకే సందేహం ఉంటుంది? వెళ్ళి పెట్టేసింది.

రెండేళ్ళు బాగానే నడిచింది. మూడో ఏడు జిప్పుల ఆయన సంస్థ పేరు మీద రెండు లారీల కాన్వాసు అరువుకి దించి, అందులో సగం ఎవరికో నగదుకి అమ్ముకుని, ఒక పొద్దున దుకాణం తెరవలేదు. ఇల్లు భార్య పేరునా, బండి బావమరిది పేరునా ఉన్నాయి. ఆయన పేరున మిగిలింది ఆ దుకాణం బోర్డొక్కటే. కాన్వాసు షావుకారు లాయరు నోటీసు మా అమ్మ పేరున వచ్చింది.

అమ్మ భయపడలేదు. ఆ నోటీసూ, ఒప్పందం కాగితమూ పట్టుకుని నాతో ఒక లాయరమ్మ దగ్గరికి వచ్చింది. మెట్ల కింద చిన్న గది, రెండు బీరువాలు, బల్ల మీద మూత లేని మంచినీళ్ళ సీసా. తన వాటా పావలా అని, పావలా వంతు ఎలాగైనా కడతానని, మిగతాది ఆయన్ని పట్టుకుని అడగమని అమ్మ చెప్పింది. లాయరమ్మ కాగితం తిప్పి పదకొండో అంశం మీద వేలు పెట్టింది.

"పావలా, ముప్పావలా అన్నది మీ ఇద్దరి మధ్య లెక్కండీ. అప్పిచ్చినవాడికి ఆ లెక్కతో పని లేదు. ఇద్దరిలో ఎవరు దొరికితే వాళ్ళ దగ్గర మొత్తం వసూలు చేసుకోవచ్చు. ఆయన వంతు తర్వాత మీరు ఆయన దగ్గర రాబట్టుకోవాలి" అంది.

"ఆయన దొరక్కపోతే?" అంది అమ్మ.

"మీరు దొరికారు కదండీ" అంది లాయరమ్మ.

కంపెనీగా పెట్టుకుని, ఎక్కడా సొంత హామీ ఇవ్వకుండా ఉంటే, పెట్టిన డబ్బు వరకే పోయేదని, గది జోలికి ఎవరూ వచ్చేవాళ్ళు కాదని, లిమిటెడ్ అంటే అర్థమే అదని కూడా చెప్పింది. ఎవరికీ చూపించకుండానే సంతకం పెట్టారా అని అడిగింది. ఇరవై ఏళ్ళకి పైగా ఇవే చదివే మా అన్నయ్యకి చూపించానని చెప్పింది అమ్మ. లాయరమ్మ ఆ ఆకుపచ్చ కామా వైపు ఒకసారి చూసి, కాగితం మడిచి ఇచ్చేసింది.

గది పోయింది. మిషన్లు నాలుగూ ఒకే రోజు నాలుగు వైపులకి వెళ్ళాయి. అమ్మ మెడలో దారం కొన్నాళ్ళు తాళంచెవి లేకుండానే ఉంది, తర్వాత తనే తీసేసింది. యాభై రెండేళ్ళ వయసులో ఇంకొకరి షెడ్డులో, ఇంకొకరి మిషను మీద, సంచికి ఇంత అని కూలికి కూర్చుంది.

చేతులు కాలాక నేను ఆకులు పట్టుకున్నాను. పాత పుస్తకాల కొట్లో కామర్సు పాఠ్యపుస్తకం ఒకటి కొని రెండు నెలల్లో మొత్తం చదివాను, ఈసారి కామాలు వదిలేసి. షేరు కొంటే కంపెనీలో మనమూ ఒక చిన్న యజమానులం, డిబెంచరు కొంటే కంపెనీకి అప్పిచ్చినవాళ్ళం. ఇంతే తేడా. భాగస్తుల బాధ్యత నలభై ఒకటో పేజీలో, పిల్లలు బట్టీపట్టడానికి వీలుగా చుట్టూ గీతలు గీసిన పెట్టెలో ఉంది. ఆ పేజీ ప్రెస్సుకి తీసుకెళ్ళి మావయ్య ముందు నిలబడి పైకి చదివాను. పదిహేనేళ్ళ పిల్లలకి తెలిసింది మీకు తెలియలేదు అన్నాను. మెషిన్ల వాళ్ళంతా విన్నారు. ఆయన కళ్ళజోడు తుడుచుకున్నాడు. తర్వాత ప్రూఫు ముందుకి లాక్కుని, "చదువు పిల్లా, సాయంత్రానికి ఇవ్వాలి" అన్నాడు.

లిక్విడిటీకి తలలూపిన బంధువులంతా అప్పుడే అనుకున్నామన్నారు. వీళ్ళు ఎప్పుడేం అనుకున్నారో నాకు తెలుసు. మనిషి పైకి వెళ్ళేటప్పుడు నిచ్చెన పట్టుకుంటారు, జారితే నిచ్చెన ఎవరిదని అడుగుతారు. కంపెనీ మావయ్య పోయి కామాల మావయ్య అయ్యాడు. ఆ పేరు పెట్టింది నేనే. ఎవరింటికి వెళ్ళినా ఆ బోనస్ షేర్ల కథ నేను చెప్పాలి, వాళ్ళు నవ్వాలి. ఆయన ఉన్నప్పుడు కూడా చెప్పేదాన్ని. ఏడేళ్ళు చెప్పాను. ఆయన ఒక్కసారి కూడా నాకు ఎదురు చెప్పలేదు. అది కూడా చేతకానితనమే అనుకున్నాను.

పోయిన నెల ఆయన రిటైరయ్యాడు. వచ్చిన ప్రావిడెంట్ ఫండులో సగం కవరులో పెట్టి తెచ్చి, అమ్మ చేతిలో పెట్టి, కాఫీ కూడా తాగకుండా వెళ్ళిపోయాడు. కవరు మీద అమ్మ పేరు, ఆకుపచ్చ సిరా.

అమ్మ అప్పుడే షెడ్డు నుంచి వచ్చి, సూది గుచ్చుకున్న వేలుకి పసుపు అద్దుకుంటోంది. నేను కవరు చూడగానే మొదలుపెట్టాను. ఈ డబ్బుతో గదికి తలుపు కూడా రాదన్నాను. ముప్పై ఒక్క ఏళ్ళు చదివి ఒక్క మాట అర్థం చేసుకోని మనిషన్నాను. చివరికి అమ్మ మీద కూడా పడ్డాను. ఆయనకి బుద్ధి లేకపోతే నువ్వైనా అడగాల్సింది, అది ఏంటి అని ఒక్క మాట అడిగి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు కదా అన్నాను.

"అడిగాను" అంది అమ్మ.

ఎప్పుడని అడిగాను నేను.

"పదకొండో నంబరు దగ్గర. విడివిడిగా అంటే ఏంటే, నాది పావలానే కదా అన్నాను. అన్నయ్యని కాదు. నిన్నడిగాను."

గుర్తులేదని చెప్పొచ్చు. గుర్తుంది. పైన ఆ మధ్యాహ్నం గురించి చెప్పేటప్పుడు అమ్మ కదిలింది అని మాత్రమే రాశాను, ఈ ముక్క దాచాను. అద్దం అవతల అందరూ చూస్తున్నారు. నూలు పోగుల చీరలో మా అమ్మ అంత చిన్న ప్రశ్న వేసినందుకు నాకు సిగ్గేసింది. అమ్మా, మధ్యలో మాట్లాడకు, లైను తప్పుతుంది అని కసిరి, తర్వాతి గీతలోకి వెళ్ళిపోయాను. ఆ ప్రశ్నకి జవాబు నాకూ తెలియదు. తెలియదని చెప్పడం నాకూ రాలేదు. తప్పులో మావయ్యకీ నాకూ వాటాలు ఎలా ఉన్నా, దొరికినవాడి దగ్గర ఏడేళ్ళపాటు మొత్తం వసూలు చేశాను.

"మావయ్య కూడా ఆపలేదు కదమ్మా" అన్నాను. నా గొంతు నాకే చిన్నగా వినిపించింది.

అమ్మ వేలు చుట్టూ గుడ్డపీలిక చుట్టి, పంటితో కొస బిగించింది.

"నేనడగ్గానే అన్నయ్య పెన్ను కింద పెట్టాడు. నా వైపు తిరిగాడు. నువ్వు చదువుతూనే ఉన్నావు. కాసేపు చూసి మళ్ళీ తీసుకున్నాడు" అంది.

పెన్ను కింద పెట్టడం నేను చూడలేదు. నా కళ్ళు కాగితం మీద ఉన్నాయి.